ఎవరి లెక్కలోనూ లేని మాత్ర

కడుపులో బిడ్డ సరిగా ఎదగడం లేదని స్కానింగులో తేలాక, అనంతపురం జిల్లాలో ఒక కూలి మనిషి చేతికి వచ్చే మందుల చీటీలో ఏం రాసి ఉంటుందో మన స్త్రీవాద చర్చల్లో ఎప్పుడైనా వచ్చిందా? నాకు తెలిసి రాలేదు. దేహం గురించి మనం తక్కువేమీ రాయలేదు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన ‘నీలిమేఘాలు’ నాటికే బహిష్టు, గర్భం, ప్రసవం కవిత్వంలోకి వచ్చేశాయి. ఫూకో పేరు వినని పరిశోధక విద్యార్థిని ఇవాళ మన విశ్వవిద్యాలయాల్లో కనబడదు. కానీ మందుల చీటీని ఒక వాచకంగా చదవడం మనకు అలవాటు కాలేదు. అది డాక్టర్ల వ్యవహారం అని వదిలేశాం. అలా వదిలేయడం మీదే నా పేచీ.

నేను చూసిన చీటీల్లో ఐరన్, కాల్షియం మాత్రలు ఉంటాయి. ప్రోటీను పొడి డబ్బా ఉంటుంది. నీళ్ళలో కలుపుకుని తాగే ఆర్జినిన్ పొడి ప్యాకెట్లు ఉంటాయి. ఎడమ పక్కకు తిరిగి పడుకోమని ఒక మాట ఉంటుంది. వీటి మధ్య కొన్నిసార్లు సిల్డెనాఫిల్ అని ఒక మాత్ర, రోజుకు మూడు పూటలా. వయాగ్రా అంటే అందరికీ తెలుస్తుంది. రెండూ ఒకటే.

ఈ మాట వినగానే నవ్వొస్తుంది కొందరికి. నవ్వాల్సిందేమీ లేదు. సిల్డెనాఫిల్ రక్తనాళాల కండరాన్ని సడలించి, వాటిని వెడల్పు చేసే మందు. ఫైజర్ కంపెనీ ఇంగ్లండులో దాన్ని గుండెనొప్పి కోసం తయారుచేసింది. గుండెకు పెద్దగా పనికిరాలేదు గానీ ప్రయోగంలో పాల్గొన్న మగవాళ్ళు చెప్పిన ‘ఇతర ప్రభావం’ కంపెనీకి బంగారు గని అయింది. 1998 మార్చిలో అమెరికాలో అనుమతి దొరికింది. 2005లో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగే జబ్బుకు కూడా అనుమతించారు. మన దగ్గర 1970 నాటి పేటెంటు చట్టం పుణ్యమా అని దేశీ కంపెనీలు దీన్ని చవగ్గా తయారుచేశాయి. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఇదే మందు బహిష్టు నొప్పికి పనిచేస్తుందేమోనని ఒక చిన్న పరిశోధన జరిగింది. పాతిక మంది స్త్రీల మీద ఫలితాలు బాగానే కనబడ్డాయి, కానీ డబ్బుల్లేక పరిశోధన మధ్యలోనే ఆగిపోయింది. 2013లో ఆ వ్యాసం అచ్చయింది. మగవాళ్ళ పడకగదికి కోట్లు పెట్టగలిగినవాళ్ళకు నెలనెలా మెలితిరిగే పొత్తికడుపు లాభసాటిగా కనబడలేదు.

ఆడవాళ్ళ దగ్గరికి ఈ మందు నొప్పి కోసం రాలేదు, బిడ్డ కోసం వచ్చింది. దాని వెనకున్న ఆలోచన తప్పుదేమీ కాదు. గర్భం నిలిచిన తొలి నెలల్లో మాయలోంచి వచ్చే కణాలు గర్భసంచి గోడలో మెలికలు తిరిగి ఉన్న సన్నటి రక్తనాళాల్లోకి చొరబడి, వాటి కండరపు గోడల్ని కరిగించి, వెడల్పాటి గొట్టాలుగా మారుస్తాయి. ఆ పని సగంలో ఆగిపోతే నాళాలు ఇరుకుగానే ఉండిపోతాయి. తల్లికి బీపీ పెరిగి, ముదిరితే పెద్దవాళ్ళు గుర్రపువాతం అనే మూర్ఛల దాకా పోవచ్చు. బిడ్డకు రక్తం చాలక ఎదుగుదల ఆగిపోవచ్చు. రెండూ ఒకేసారి రావచ్చు. నాళం ఇరుకైతే వెడల్పు చేసే మందు ఇద్దాం అని ఎవరికైనా తోస్తుంది. అయితే స్కానింగులో తేడా కనబడే నాటికి ఆ నిర్మాణపు పని గడువు దాటిపోయి ఉంటుంది. సరిగా కట్టని కాలవను తర్వాత మాత్రతో తిరిగి కట్టగలమా అన్నది పరీక్షించి తేల్చుకోవాల్సిన ప్రశ్న.

పరీక్షించారు కూడా. బ్రిటన్, న్యూజీలాండ్, ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్, కెనడా దేశాల్లో ‘స్ట్రైడర్’ పేరుతో ప్రయోగాలు మొదలయ్యాయి. బ్రిటన్లో 135 మంది స్త్రీలతో జరిగిన ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి. మందు వేసుకున్నవాళ్ళలో గర్భం ఎక్కువ రోజులు నిలవలేదు, బిడ్డల పరిస్థితీ మెరుగుపడలేదు. న్యూజీలాండ్, ఆస్ట్రేలియాల్లోనూ మేలు కనబడలేదు. నెదర్లాండ్స్‌లో 2018 జులైలో ప్రయోగాన్ని అర్ధాంతరంగా ఆపేశారు. అప్పటికి మందు వేసుకున్న తల్లులు 93 మంది. వాళ్ళ బిడ్డల్లో 17 మందికి పుట్టాక ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఇబ్బంది వచ్చింది, వాళ్ళలో 11 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 90 మంది తల్లుల వైపు ఆ ఇబ్బంది వచ్చింది ముగ్గురు బిడ్డలకు, ఆ కారణంతో ఎవరూ చనిపోలేదు. వేరే కారణాలతో రెండు వైపులా బిడ్డలు పోయారు. అందరూ కడుపులోనే తీవ్రంగా దెబ్బతిన్న బిడ్డలు మరి. 2020లో వచ్చిన పూర్తి నివేదికలో కూడా ఊపిరితిత్తుల ఒత్తిడి మందు వైపు 18.8 శాతం, ఉత్తుత్తి మాత్ర వైపు 5.1 శాతం అని తేలింది. ఊపిరితిత్తుల ఒత్తిడికి మందుగా అనుమతి పొందినదే బిడ్డల్లో ఆ ఒత్తిడిని తెచ్చిపెట్టడం వింతే. తల్లి రక్తంలోంచి అందుతున్న మందు పుట్టగానే ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల నాళాలు ఎదురుతిరిగి బిగుసుకుని ఉంటాయని ఒక ఊహ. అదే 2020లో అమెరికాలోని తల్లీపిండ వైద్య నిపుణుల సంఘం, కడుపులో బిడ్డ ఎదుగుదలకు సిల్డెనాఫిల్ వాడవద్దని స్పష్టంగా చెప్పింది. చికిత్స పేరుతో మంచం మీద పడుకోబెట్టడం కూడా వద్దని అదే వాక్యంలో చెప్పింది.

ఈ కథలో నన్ను పట్టుకున్నది మరణాల సంఖ్య ఒక్కటే కాదు. ఆ బిడ్డల్ని ఎవరో లెక్కపెట్టారు. తల్లులకు ఇది ప్రయోగమని చెప్పారు, సంతకం తీసుకున్నారు. ఎవరికి ఏ మాత్ర పడిందో రాసిపెట్టారు. ఆ లెక్కల్ని మధ్యమధ్యలో చూడటానికి వేరే మనుషుల్ని పెట్టారు. వాళ్ళు ‘ఆపండి’ అంటే ఆపారు. మందు తీసుకున్న తల్లులకు కబురు చేశారు.

మా వైపు అదే మాత్రను చికిత్స అంటారు. ప్రయోగం కాదు కాబట్టి సంతకం అక్కర్లేదు. రిజిస్టరు లేదు. బిడ్డ బతికితే మందు పనిచేసినట్టు, పోతే బలహీనంగా పుట్టినట్టు. ఈ జిల్లాలో ఎంతమంది గర్భిణులు ఈ మాత్ర వేసుకున్నారో, వాళ్ళ బిడ్డలు ఏమయ్యారో చెప్పగల పుస్తకం నాకెక్కడా కనబడలేదు. ఒప్పుకుని, లెక్కపెట్టి, ఆపగలిగే ప్రయోగం అనైతికంలా వినిపిస్తుంది. చెప్పకుండా, లెక్కపెట్టకుండా, ఆపాల్సిన అవసరమే రాని ‘చికిత్స’ మాత్రం దయలా వినిపిస్తుంది. ఈ తలకిందుల నీతిని మనం ఇన్నాళ్ళు ఎలా భరించాం?

మా చిన్నమ్మ కూతురికి రెండో కాన్పు. ఏడో నెలలో బిడ్డ చిన్నగా ఉందన్నారు. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం. నేను చూడబోయినప్పుడు మంచం కింద పెట్టుకున్న క్యారీబ్యాగులోంచి మందులన్నీ తీసి వరసగా పెట్టింది. ఇదెందుకని అడిగితే, “ఏమోక్కా, బిడ్డకు రగతం సరింగా పోవల్లంట. దానికి రాసిచ్చినారు” అంది. మాత్ర పేరు చదవమంటే చదివింది, పది పాసైన పిల్ల. ఆ పేరుకు అర్థం మాత్రం ఎవరూ చెప్పలేదు. బయటికి వచ్చాక మా మరిది, ఆ పిల్ల మొగుడు, గొంతు తగ్గించి, “వదినా, ఈ మాత్ర దేనికో నాకు తెల్సు. షాపులో నా మొగం జూసి నగినారు. దానికి మాత్రం సెప్పొద్దు” అన్నాడు. అతని సిగ్గు నాకు అర్థమైంది. కానీ ఆ సిగ్గు చేసిన పని చూడండి. మందు గురించి డాక్టరుకు తెలుసు, షాపువాడికి తెలుసు, మొగుడికి తెలుసు. మింగేదానికి తప్ప అందరికీ తెలుసు. బిడ్డ కిలోన్నర పైచిలుకు బరువుతో నెలలు నిండక ముందే పుట్టింది, మూడు వారాలు అద్దాల పెట్టెలో ఉండి ఇంటికొచ్చింది. ఆ మాత్ర వల్ల బతికిందా, మాత్ర వేసినా బతికిందా అన్నది ఎవరూ చెప్పలేరు. అలా చెప్పాలంటేనే కదా లెక్క కావాల్సింది.

ఇది కొత్త తగువు కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షను ప్రయోగం జరుగుతున్నప్పుడు హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన వాళ్ళు అక్కడికి వెళ్ళారు. వచ్చిన స్త్రీలకు తాము ఒక ప్రయోగంలో ఉన్నామన్న సంగతే తెలియదని బయటపెట్టారు. మరుసటి ఏడాది ఇతర మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ‘సవాలక్ష సందేహాలు’ అనే పుస్తకం తెచ్చిందీ వాళ్ళే. మామూలు తెలుగులో ఒంటి గురించి మాట్లాడటం అందులోంచి నేర్చుకున్న తరం మనది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా వేసినప్పుడు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. టీకా మంచిది కావచ్చు, నిజానికి మంచిదే. వార్డెను సంతకం మంచిది కాదు. ఈ రెండు మాటల్నీ విడదీసి చెప్పడం నేర్చుకోకపోతే మనల్ని వైద్య వ్యతిరేకులని కొట్టిపారేయడం సులువు.

మందు పనిచేయదని తేలాక కూడా రాస్తూ పోవడమన్నది మన జిల్లా డాక్టర్లు కనిపెట్టిన విద్యేమీ కాదు. గర్భస్రావం కాకుండా ఆపుతుందని డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే హార్మోను మందును అమెరికాలో లక్షలమంది గర్భిణులకు ఇచ్చారు. అది పనిచేయదని 1953లోనే చికాగోలో జరిగిన పరీక్షలో తేలింది. అయినా ఇస్తూనే పోయారు. కడుపులో ఉండగా ఆ మందు సోకిన ఆడపిల్లల్లో అరుదైన యోని క్యాన్సరు కనబడ్డాక, 1971లో గర్భిణులకు ఇవ్వొద్దన్నారు. తేలడానికీ ఆగడానికీ మధ్య పద్దెనిమిదేళ్ళు. ఆ పద్దెనిమిదేళ్ళూ రాసింది ఎక్కువగా మంచి డాక్టర్లే. ఊరికే ఉండలేక రాశారు.

ఊరికే ఉండలేకపోవడమే నా దృష్టిలో అసలు జబ్బు. నేను మాట్లాడిన ఒక డాక్టరమ్మ నిజాయితీగానే చెప్పింది. ఆరో నెలలో బిడ్డ ఎదగడం లేదని తెలిస్తే చేయగలిగింది చాలా తక్కువ. మాటిమాటికీ స్కానింగు చేసి బొడ్డుతాడులో రక్తం ఎలా పారుతోందో చూడాలి, బీపీ చూడాలి, సరైన రోజున బిడ్డను బయటికి తీయాలి, ఊపిరితిత్తులు గట్టిపడే ఇంజెక్షను ముందే ఇవ్వాలి, తీశాక ఆ పిడికెడు ప్రాణాన్ని నిలబెట్టే నర్సులూ యంత్రాలూ ఉండాలి. ఇవన్నీ డబ్బుతో, దూరంతో ముడిపడ్డవి. “చేసేదేం లేదు, చూద్దాం అంటే అత్తగారు ఇంకో ఆసుపత్రికి తీసుకుపోతుందమ్మా” అందామె. కాబట్టి మాత్ర. ఉన్నవాటిలో చవకైనది, చేతిలో పెట్టగలిగేది. కుటుంబానికి మందు దొరికినట్టు, డాక్టరుకు వైద్యం చేసినట్టు, మిగతా వ్యవస్థకు ఏ ఖర్చూ లేనట్టు. ఆమె మీద నాకు కోపం రాలేదు. కానీ ఈ సర్దుబాటులో ముగ్గురికీ ఊరట దొరికితే, ప్రమాదం మాత్రం నాలుగో మనిషి మోసిందన్నది ఆమె కూడా కాదనలేదు.

ఇంకో వాదన వింటున్నాను. నెదర్లాండ్స్‌లో ఆ బిడ్డలు మరీ తీవ్రమైన స్థితిలో ఉన్నవాళ్ళు, మన దగ్గర ఇచ్చేది కొంచెం బరువు తక్కువున్నవాళ్ళకు, దాన్నీ దీన్నీ పోల్చొద్దు అని. సరే, పోల్చొద్దు. తీవ్రమైన స్థితిలోనే పనిచేయని మందు, తీవ్రం కానివాళ్ళకు ఎందుకు? ఈ వాదన మందుకు అనుకూలమో ప్రతికూలమో చెప్పేవాళ్ళే ఆలోచించాలి.

అసలు సంగతి ఈ వాదనలోనే బయటపడుతోంది. చిన్నగా ఉన్న బిడ్డలంతా ఒకటి కాదు. మాయలో లోపం వల్ల రక్తం అందక ఎండిపోతున్న బిడ్డ వేరు. తల్లే నలభై కిలోల మనిషై, రక్తం తక్కువై, తిండి చాలక చిన్నగా ఉన్న బిడ్డ వేరు. మొదటిది జబ్బు, రెండోది కరువు. చీటీ ఈ రెంటినీ కలిపి ‘రక్తప్రసరణ’ అనే ఒక్క మాటలో ముంచేస్తుంది. నాళం ఇరుకు అనగానే లోపం ఆడదాని ఒంట్లోకి పోతుంది. ఆమె తిన్నదేమిటి, ఎంత ఎండలో పనిచేసింది, ఎన్ని బిందెలు మోసింది అన్న ప్రశ్నలు చీటీ బయట ఉండిపోతాయి. మా జిల్లాలో ఈ మాట అర్థం కావడానికి ఫూకో అక్కర్లేదు. బోరులో నీళ్ళు లేనప్పుడు పైపు వెడల్పు పెంచి లాభం లేదని ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు.

అనంతపురం ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ. ఆ వాన కూడా ఎప్పుడు పడుతుందో తెలియదు. ఆ నేలలో దశాబ్దాలుగా పండించింది శెనక్కాయ. ఒకప్పుడు దేశంలో ఏ జిల్లాలోనూ లేనంత విస్తీర్ణంలో వేశారు, ఇప్పుడు తగ్గింది. విత్తనం కాయలు ఒలవడం, కలుపు తీయడం, చెట్టు పీకడం, కాయ కోయడం అంతా ఆడవాళ్ళ చేతుల మీదుగానే. వంగి చేసే పని. ఆ పనిలో గర్భిణికి వేరే వరస ఉండదు.

మళ్ళీ చీటీ దగ్గరికి వద్దాం. ఆర్జినిన్ పొడి అన్నాను కదా. ఒంట్లో రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడు తయారయ్యేది ఈ ఆర్జినిన్ నుంచే. అందుకే నాళాల్ని విప్పే ‘సహజమైన’ దారి అంటూ దీన్ని అమ్ముతున్నారు. మార్కెట్లో దొరికే ప్యాకెట్లలో చాలావాటిలో ఉండేది 3 గ్రాములు. బిడ్డ ఎదుగుదల తీవ్రంగా ఆగినప్పుడు ఇది పనికిరాలేదని ఫ్రాన్సులో 2009లో ఒక పరీక్ష చెప్పింది. అది పక్కన పెడదాం. 3 గ్రాముల ఆర్జినిన్ ఇంకా ఎక్కడ దొరుకుతుందో తెలుసా? సుమారు వంద గ్రాముల శెనగ్గింజల్లో. పప్పుగింజల్లో ఆర్జినిన్ బాగా ఎక్కువగా ఉండేవాటిలో ఇదొకటి. అంటే శెనక్కాయలు పీకి, ఒలిచి, మూటలు కట్టి వ్యాపారికి పంపిన ఆడమనిషి, వచ్చిన కూలి డబ్బుతో మందుల షాపులో నారింజ వాసన వేసే ప్యాకెట్లో దాన్నే తిరిగి కొనుక్కుంటోంది. ఇంతకంటే చేదు కథ నేను చదివిన కరువు సాహిత్యంలో లేదు.

శెనగ్గింజలు తింటే మాయ బాగుపడుతుందని నేను చెప్పడం లేదు, అలా చెబితే నేనూ ప్యాకెట్లు అమ్మేవాళ్ళ జట్టే. కానీ శెనక్కాయ, ఆకలి, గర్భం ఈ మూడింటి మీద ఒక నిజమైన పరీక్ష జరిగింది. పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా కూడా మా లాంటిదే. శెనక్కాయ దేశం, పంటకు ముందు కొన్ని నెలలు ఆకలి కాలం. అక్కడ 28 పల్లెల్లో ఐదేళ్ళపాటు గర్భిణులకు శెనక్కాయలతో చేసిన బలమైన బిస్కెట్లు రోజూ పెట్టారు. 1997లో ఫలితాలు అచ్చయ్యాయి. పుట్టిన బిడ్డల బరువు సగటున 136 గ్రాములు పెరిగింది, ఆకలి కాలంలో పుట్టినవాళ్ళకైతే 201 గ్రాములు. చచ్చిపుట్టడం, మొదటి వారంలో చనిపోవడం దాదాపు సగానికి తగ్గాయి. మాత్రతో వేసిన ఏ పరీక్షలోనూ రాని ఫలితం బిస్కెట్లతో వచ్చింది. ఆ బిస్కెట్లు ఎవరింటికీ పంచలేదన్నది కూడా గమనించాలి. ఆ స్త్రీ ఎదురుగా కూర్చుని తింటే చూసి రాసుకున్నారు.

మా అంగన్‌వాడీల్లో గుడ్లు, పాలు, పప్పు, నూనె ఇస్తూనే ఉన్నారు. అవి లేవని కాదు. ఇంటికి ఇచ్చినప్పుడు ఇల్లంతా తింటుంది. పాలు మొదట పెద్ద పిల్లాడికి, గుడ్డు మామగారికి. ఆమె చివర్లో కూర్చుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళే. దేశమంతటి ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టింది మా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ప్రధానమంత్రి వచ్చాడు, ఊరి పేరు దేశమంతా మోగింది. కానీ పనికి పోని రోజు కూలి లేదన్నది గర్భిణికీ అదే నియమం. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ తక్కువలో తక్కువ 6,000 రూపాయలు అన్నది. 2017లో పథకంగా వచ్చేసరికి అది మొదటి కాన్పుకే, 5,000. 2022 నుంచి రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 అన్నారు. రెండో కాన్పులో మగపిల్లాడిని కన్న మా చెల్లెలికి పైసా రాలేదు. కన్నాక గానీ తేలని అర్హతతో కడుపుతో ఉన్నప్పుడు ఏం తినాలి? ఎడమ పక్కకు తిరిగి పడుకోమనే సలహా వెనక, పడుకున్న రోజుల కూలి ఎవరిస్తారన్న మాట లేదు.

మన సాహిత్యం కూడా దీన్ని చూడలేదని నా ఫిర్యాదు. సింగమనేని నారాయణ మొదలుకొని ఈ నేల నుంచి వచ్చిన కథకులు కరువును ఎంత గొప్పగా రాశారో నాకు తెలుసు, నా పరిశోధనే వాళ్ళ మీద. అక్కడ కరువు రైతుకు వస్తుంది. బోరు ఎండుతుంది, అప్పు పెరుగుతుంది, ఎద్దుల్ని అమ్ముతాడు. భార్య కన్నీళ్ళు పెట్టుకుంటుంది. కరువు ఆడదాని గర్భసంచిలోకి కూడా వస్తుందనీ, అక్కడ అది గ్రాముల్లో కొలవదగిన విషయమనీ ఏ కథా నాకు చెప్పలేదు. ఎండిన బోరుకు కథ దొరికింది. ‘ఉమ్మనీరు తక్కువుంది’ అని స్కానింగు గదిలోంచి బయటికొచ్చిన మనిషికి దొరకలేదు. స్త్రీవాదులం మనం నగరాల నుంచి గర్భాన్ని రాశాం, సీమ రచయితలు మగ కళ్ళతో కరువును రాశారు. రెండింటి మధ్యా ఈమె జారిపోయింది.

మందుల్నే వద్దంటున్నానని అనుకునేవాళ్ళ కోసం నాగపూరు మాట చెప్పాలి. రక్తనాళాలను సడలించే మందుల్లో నిఫెడిపిన్ ఒకటి. కాన్పు దగ్గరపడ్డాక బీపీ ప్రమాదకరంగా పెరిగిన 894 మంది గర్భిణులకు నాగపూరులోని రెండు ఆసుపత్రుల్లో నిఫెడిపిన్, లాబెటలాల్, మిథైల్‌డోపా అనే మూడు రకాల నోటిమాత్రల్ని పంచి ఇచ్చి, వాటిలో ఏది ఎలా పనిచేస్తుందో చూశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. మూడూ పనికొచ్చేవే, నిఫెడిపిన్ కొంచెం ముందుంది. సెలైను, ఇంజెక్షను, పక్కనే నర్సు లేని చోట కూడా తల్లి ప్రాణం నిలబెట్టొచ్చని దాని అర్థం. పేద స్త్రీల మీదే పరీక్షించారు, వాళ్ళకు పనికొచ్చే ప్రశ్ననే అడిగారు, చెప్పి చేశారు, లెక్క రాశారు. లెట్రొజోల్ కథ కూడా గుర్తుచేసుకోవచ్చు. రొమ్ము క్యాన్సరు మందును సంతానం కోసం చాటుగా రాస్తున్నారని గొడవైంది, 2011లో ప్రభుత్వం ఆ వాడకాన్ని నిషేధించింది. తర్వాత సరైన పరీక్షల్లో పనికొస్తుందని తేలాక 2017లో నిషేధం ఎత్తేసింది. ఒక పనికి తెచ్చిన మందు ఇంకో పనికి రావడం నేరం కాదు. తేలకముందు చాటుగా వాడటం, కాదని తేలాక కూడా వాడుతూ పోవడం, ఈ రెండింటితోనే నా తగువు.

మరి ఏం అడగాలి? మొదట, చీటీలో ఉన్న ప్రతి మందూ ఎందుకో తెలుగులో చెప్పాలి. ఆమెకు చెప్పాలి, ఆమె మొగుడికి కాదు. ‘ఈ మందు ఈ పనికి అనుమతి పొందినది కాదు, పెద్ద పరీక్షల్లో మేలు కనబడలేదు, ఒక చోట బిడ్డలకు హాని జరిగింది’ అన్న మూడు ముక్కలు చెప్పడానికి అర నిమిషం పడుతుంది. అవి విన్నాక ఎంతమంది మింగుతారో చూద్దాం. మూడో నెలలోనే బీపీ ముప్పు ఉన్నవాళ్ళను గుర్తించి చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టడం, కాల్షియం రోజూ అందేలా చూడటం వంటి తేలిన పనులు పల్లెల్లో ఎంతవరకు జరుగుతున్నాయో అడగాలి. వాటి మీద ఎవరికీ లాభం లేదు కాబట్టి వాటిని గుర్తుచేయడానికి కంపెనీ ప్రతినిధులు బ్యాగు తగిలించుకుని రారు. అంగన్‌వాడీలో అక్కడే కూర్చుని తినే వేడి అన్నం కావాలి. ఆ నాలుగు నెలల కూలి కావాలి, ఎన్నో కాన్పు, ఏ బిడ్డ అని అడగకుండా.

మీలో పాఠాలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వచ్చే ఏడాది స్త్రీవాద సాహిత్యం తరగతిలో ఒక కథ తగ్గించి, విద్యార్థినుల్ని తమ ఇళ్ళలో ఉన్న పాత మందుల చీటీలు తెమ్మనండి. పేర్లు కొట్టేసి చదివించండి. ఎవరు ఎవరికి రాశారు, ఏం చెప్పారు, ఏం చెప్పలేదు, డబ్బు ఎవరు కట్టారు. నేను మా కాలేజీలో అడిగితే పదకొండు వచ్చాయి. గర్భిణులకు రాసినవి నాలుగు. వాటిలో రెండింట్లో ఈ మాత్ర ఉంది. ఆ రెండూ 2018 తర్వాత రాసినవే. పదకొండు చీటీలు గణాంకం కాదని నాకూ తెలుసు. తల్లీబిడ్డల కార్డులో బరువుకూ బీపీకీ రక్తం శాతానికీ గడులున్నాయి. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి ఐరన్ మాత్రలు ఎన్ని మింగారో కూడా రాసుకుపోతుంది. ఆమె చేతిలోని పుస్తకంలో ఇంకొక్క గడి గీయించడానికి ఎవరి అనుమతి కావాలో జిల్లా వైద్య ఆరోగ్య శాఖను రాతపూర్వకంగా అడుగుతున్నాను. సంతకాలు కలిపేవాళ్ళు ఉత్తరం రాయండి.